వాక్యావళి కూర్చిన బ్రౌను

ఇంగ్లీషు నేర్వగోరిన మనవారు మొట్టమొదట చేయు పని మాటల పట్టికను వల్లెవేయుట. ఐదువందల మాటలు కంఠస్థమగును గాని, అంగడిలో నిలిచి కావలసిన వస్తువు నడుగుటకు నోరు పెగలదు. హైదరాబాదు పాతనగరపు దక్షిణపుటంచున నున్న జల్‌పల్లి మొదలు సముద్రతీరపు మచిలీపట్టణము వఱకు ఈ యవస్థ యొక్కటియే. జల్‌పల్లి బాలుని సంగతి మఱింత చిత్రము. ఆతడు తెలుగునకును ఉర్దూకును నడుమ జంకులేక తిరుగువాడు. వ్యాకరణ మెఱుగకయే రెండు భాషలు నోటబట్టినవాడు. మూడవదియగు ఇంగ్లీషు కడకు వచ్చునప్పటికి మాత్రము వానిచేత మాటలను విడివిడిగా బట్టీపట్టింతురు. భాషయనునది మాటలలో గాక మాటల కూర్పులో నున్నదని గ్రహించి, 1852లోనే అందుకొక పుస్తకము సిద్ధపఱచినవాడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన నిఘంటువు నెఱుగని విద్యావంతుడు తెలుగునాట నరుదు. వాక్యావళి నెఱిగినవారు కొలదిమంది. కావున ఆయన చరిత్రమును ఆ వైపునుండి చెప్పదలచినాము.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదిని కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతబోధకుడు, బహుభాషాభిమాని. కుమారునకు బాల్యముననే పెక్కు భాషల రుచి చూపెను. 1812లో తండ్రి గతించుటతో కుటుంబ మింగ్లండు చేరెను. బ్రౌను హెయిలీబరీ కళాశాలలో కుంపిణీ కొలువునకు తగిన చదువు చదివి, 1817 ఆగస్టులో చెన్నపట్టణమున దిగెను. అప్పటి కాయనకు తెలుగు రాదు. వెలగపూడి కోదండరామపంతులు ఆయనకు అక్షరములు దిద్దించెను. 1820లో కడపకు కలెక్టరు సహాయోద్యోగిగా వెళ్లినది మొదలు ఆయన నిజమైన పాఠశాల కచేరియే. రైతు మొఱపెట్టుకొను తీరు, సాక్షి తప్పించుకొను తీరు, కరణము లెక్క చెప్పు తీరు, ఇవి పండితుని తాటియాకులలో దొరకవు. గ్రంథములలోని తెలుగొకటి, జనుల నోటిలోని తెలుగొకటి యని ఆయనకు తెలిసివచ్చినది ఇట్టి చోటులనే యని మేము తలంచెదము.

మచిలీపట్టణమున నున్న కాలమున వేమన పద్యములు ఆయన చేతబడినవి. ప్రతులు సేకరించి, పాఠములు పోల్చి, ఇంగ్లీషు అనువాదముతో 1829లో అచ్చువేయించెను. కడపలో బంగళాయొకటి కొని, పండితులకును లేఖకులకును తన జీతమునుండి వేతనము లిచ్చి, కావ్యములకు శుద్ధప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్యశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య ఆ కూటములోనివారు. బాలురకై ఉచిత పాఠశాలలు పెట్టెను. ఇందువలన అప్పులపాలయ్యెను. పెండ్లియాడలేదు.

1832–33లో గుంటూరు సీమను డొక్కల కరవు పీల్చివేసినపుడు ఆయన అచ్చటనే యుండెను. పై యధికారులకు రుచింపకున్నను కరవును కరవనియే పేర్కొనెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. మాటల తూకమెఱిగిన వానికి ఏ మాట ఎచ్చట దాచబడుచున్నదో కూడ తెలియును గదా! పిమ్మట కొలువునకు దూరమై లండనులో నున్న దినములలో, కుంపిణీ గ్రంథాలయమున దుమ్ముపట్టి పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులు 2,106 ఆయన కంటబడినవి. వానిని చెన్నపట్టణమునకు మరల బంపించెను. ఆ యొక్క కార్యమునకే ఆంధ్రులు ఆయనకు ఋణపడియున్నారు.

1838లో తిరిగివచ్చి ప్రభుత్వమున పారసీక అనువాదకుడయ్యెను. 1840లో తెలుగు వ్యాకరణము వెలువడెను. 1852 ఆయన జీవితమున పంటల సంవత్సరము. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు, వాక్యావళి అన్నియు ఆ యేటివే. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ముఖపత్రముననే అది ఇంగ్లీషు నుడికారములను తెలుగున వివరించునని చెప్పబడినది. వాక్యావళి మఱియొక యడుగు ముందునకు వేసి, రెండు భాషల పలుకుబళ్లను అభ్యాసములుగా నెదురెదుర నిలిపినది.

ఈ పద్ధతి లాభము తెలియుటకు మా సొంత యుదాహరణ మొకటి చాలును. ఇంగ్లీషున ‘టేక్’ అను క్రియకు తీసికొనుట యని అర్థము వ్రాసికొని విద్యార్థి తృప్తిపడును. ఆ భాషవారు మందును ‘టేక్’ చేయుదురు, మనము పుచ్చుకొందుము. వారు శ్రద్ధను ‘టేక్’ చేయుదురు, మనము వహింతుము. వారు ఆసనమును ‘టేక్’ చేయుదురు, మనము ఊరక కూర్చుందుము. ఇక మన వైపు చూడుడు. మనకు ఆకలి వేయును, నిద్ర పట్టును, జలుబు చేయును. మనలో నేరస్థుడు దెబ్బలు తినును. వీనిని మాటకు మాటగా ఇంగ్లీషు చేసినవాడు నవ్వులపాలగును. ఆకలిగొన్న వాని పూర్తి వాక్యమును ఒక్క ముద్దగా నేర్చినవాడు బ్రతికిపోవును. నిఘంటువు కూర్చినవాడే, నిఘంటువు చాలదని తలంచి వాక్యములు కూర్చుట మాకు మిక్కిలి గౌరవింపదగినదిగా తోచుచున్నది.

పండితులు కొందఱు మెచ్చని పని యింకొకటి కలదు. అర్జీ, రసీదు, జామీను, తహసీలు వంటి కచేరి మాటలు పారసీక హిందూస్తానీల నుండి వచ్చి తెలుగున కలిసిపోయినవి. బ్రౌను వీనిని మైలయని వెలివేయలేదు. మిశ్రభాషా నిఘంటువని వేఱొక గ్రంథమే 1854లో ప్రకటించెను. పాతనగరపు తెలుగువానికి ఈ మాటలు ఇంటి మాటలు. ఆ నోటి తెలుగును చూచి ముక్కు విఱుచువారు ఆ గ్రంథమును తిరుగవేయుట మంచిది. ‘చాప’లోని చకారము, ‘చీమ’లోని చకారము ఒక్క తీరున పలుకవని చూపుటకు ౘ, ౙ అను గుర్తులను గూడ ఆయన పెట్టెను. అరసున్నను శకటరేఫమును పాటింపకపోవుట మాత్రము ఛందస్సు నెఱిగిన మావంటివారికి నేటికిని కొఱతయే.

ఆయన కుంపిణీ నౌకరు. దొరలు ప్రజలను పాలించుటకు వారి భాష కావలసియుండెను. ఆయన గ్రంథములలో పెక్కు మొదట ఆ యక్కఱకే పుట్టినవి. దీనిని మఱచి ఆయనను ఋషిని చేయుట మాకు సమ్మతము గాదు. అయినను దొరలకై కట్టిన వంతెనమీద ఆంధ్ర బాలుడు ఎదురునడచి ఇంగ్లీషులోనికి పోయినాడు. వంతెనకు దిక్కుల భేదము లేదు.

1855లో ఉద్యోగము విడిచి లండను చేరెను. అచ్చటి యూనివర్సిటీ కళాశాలలో తెలుగు ఆచార్యుడుగా నుండెను. 1884 డిసెంబరు 12వ తేదిని మరణించి, కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఖననము చేయబడెను. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును కందుకూరి వీరేశలింగముగారు, మఱి యిరువురు విద్వాంసులు సంస్కరింపగా 1903లో రెండవకూర్పు వెలువడెను. నాటినుండి పలుమాఱులు అచ్చుపడుచునే యున్నది. కడపలో ఆయన బంగళా యుండిన చోట ఆయన పేరిట గ్రంథాలయము వెలసినది. వాక్యావళికి మాత్రము అంతటి పేరు దక్కలేదు.