అంకెల వెనుక మనిషిని చూసిన మహబూబుల్ హఖ్

ఒక దేశం బాగుపడిందని ఎలా తెలుస్తుంది? చాలాకాలం దీనికి ఒకే జవాబు ఉండేది. తలసరి ఆదాయం ఎంతో చూసి చెప్పేసేవారు. అది చాలదు, అక్కడి మనుషులు ఎన్నేళ్లు బతుకుతున్నారో, ఎంతమందికి చదువు వచ్చో కూడా చూడాలని ప్రపంచాన్ని ఒప్పించిన ఆర్థికవేత్త డాక్టర్ మహబూబుల్ హఖ్.

ఆయన 1934లో ఉమ్మడి భారతదేశంలో పుట్టారు. దేశ విభజన నాటికి పదమూడేళ్ల పిల్లాడు. కుటుంబం లాహోర్ చేరింది. అక్కడ గవర్నమెంట్ కాలేజీలో చదివి కేంబ్రిడ్జి వెళ్లారు. బెంగాల్ నుంచి వచ్చిన అమర్త్యసేన్‌తో అక్కడే స్నేహం కుదిరింది. సరిహద్దులు అడ్డొచ్చినా ఆ దోస్తీ జీవితాంతం నిలిచింది. తర్వాత అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి పాకిస్తాన్ తిరిగొచ్చి, ప్రణాళికా సంఘంలో చేరారు. చిన్న వయసులోనే ముఖ్య ఆర్థికవేత్త అయ్యారు.

అది అయూబ్ ఖాన్ కాలం. ఫ్యాక్టరీలు పెరిగాయి, జాతీయోత్పత్తి పెరిగింది. ముందు సంపద పెరగనీ, పంపకం సంగతి తర్వాత చూద్దాం అన్న వాదాన్ని మొదట్లో హఖ్ కూడా నమ్మారు. కానీ ఆ సంపద ఎవరి ఇంటికి చేరుతోందో లెక్క తీసేసరికి గుట్టు బయటపడింది. దేశంలోని పరిశ్రమల్లో సుమారు మూడింట రెండొంతులు 22 కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయని 1968లో ఆయన బహిరంగంగా చెప్పారు. సర్కారు కొలువులో ఉంటూ, తాను రాసిన ప్రణాళికల లోపాన్ని తానే ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ '22 కుటుంబాలు' అన్న మాట వీధుల్లోకి వెళ్లి నినాదమైంది.

1970లో ప్రపంచ బ్యాంకులో చేరి, పేదరికం మీద దృష్టి పెట్టేలా దాని విధానాలను మలచడంలో పాలుపంచుకున్నారు. 1982లో స్వదేశానికి వచ్చి మంత్రి అయ్యారు, ఆర్థికశాఖ కూడా చూశారు. 1989లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంలో సలహాదారుగా న్యూయార్క్ వెళ్లారు.

అక్కడే మానవాభివృద్ధి సూచిక పుట్టింది. ఆయుర్దాయం, చదువు, ఆదాయం మూడింటినీ కలిపి ఒకే అంకె చేయాలన్నది హఖ్ పట్టుదల. మనిషి జీవితం ఒక్క అంకెలో ఇమడదని సేన్ మొదట ఒప్పుకోలేదు. పాలకులకు ఒక్క అంకె చూడటమే అలవాటు, దాన్ని పక్కకు నెట్టాలంటే అంతే తేలికైన మరో అంకె కావాలన్నది హఖ్ వాదన. చివరికి సేన్ కూడా చేయి కలిపారు.

1990లో తొలి నివేదిక వచ్చింది. 400 డాలర్ల తలసరి ఆదాయమున్న శ్రీలంకలో సగటు ఆయుర్దాయం 71 ఏళ్లు, వయోజనుల్లో 87 శాతం అక్షరాస్యులు. 6,200 డాలర్లున్న సౌదీ అరేబియాలో ఆయుర్దాయం 64, అక్షరాస్యత 55 శాతమే. డబ్బుంటే అన్నీ వాటంతటవే వస్తాయన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ. 1995 నివేదికలో ఆడవాళ్ల పరిస్థితిని విడిగా కొలిచే సూచికలు కూడా చేరాయి.

అదే ఏడాది ఇస్లామాబాద్ తిరిగొచ్చి, దక్షిణాసియా కోసం మానవాభివృద్ధి కేంద్రం స్థాపించారు. 1998 జులై 16న న్యూయార్క్‌లో కన్నుమూశారు. వయసు 64. మూడు నెలలకే మిత్రుడు సేన్‌కు నోబెల్ వచ్చింది. ఆ సంతోషం పంచుకోవడానికి హఖ్ లేరు.

ఆయన వేసిన దారి మాత్రం మన దాకా వచ్చింది. 2007లో ఆంధ్రప్రదేశ్ మానవాభివృద్ధి నివేదిక కూడా జిల్లాల వారీగా ఇవే లెక్కలు తీసింది. ఏ ఊళ్లో, ఏ బస్తీలో బడి మానేసిన ఆడపిల్లలు ఎందరు, పురిట్లోనే పోతున్న పసికందులు ఎందరు అని లెక్క రాస్తేనే అడగడానికి ఆధారం దొరుకుతుంది. లెక్కలోకి రాని కష్టం సర్కారు కంటికి ఆనదు.