తన తప్పును తానే వెదకిన శస్త్రవైద్యుడు: థియోడర్ కోఖర్

శస్త్రచికిత్స వేళ రక్తనాళాన్ని పట్టి బిగించే పట్టుకారు ఒకటున్నది. దానిని నేటికీ వైద్యులు ‘కోఖర్’ అనియే పిలుస్తారు. మనిషి పేరు పనిముట్టుకు మిగిలి, ఆ మనిషి మరుగున పడడం లోకంలో కొత్త కాదు. మేము భాషను బోధించేవారమే గాని వైద్యశాస్త్రం చదివినవారము కాము. అయినను ఈ మహనీయుని చరిత్రలో ఆయన చేసిన ఒక పొరపాటు మా మనస్సును పట్టి నిలిపినది. దానిని విద్యార్థులకు చెప్పవలెనని ఈ వ్యాసం.

థియోడర్ కోఖర్ 1841 ఆగస్టు 25వ తేదీన స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో జన్మించినాడు. తండ్రి ఇంజనీరు. తల్లి దైవభక్తురాలు, ఆ భక్తి కుమారునికి జీవితాంతం తోడున్నది. బెర్న్‌లో వైద్యపట్టం పొంది, ఐరోపాలోని ప్రసిద్ధ శస్త్రవైద్యుల పనితనం కళ్లారా చూచి వచ్చినాడు. 1872లో, ముప్పది యొక్క ఏండ్లు నిండకమునుపే, బెర్న్ విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్సాచార్యుడైనాడు. ఇతర నగరాల నుండి పిలుపులు వచ్చినను ఆ ఊరు విడువలేదు.

ఆ దేశపు కొండలోయలలో ఆనాడు గలగండం ఇంటింటా కనిపించే వ్యాధి. మంచు, వాన కలిసి నేలలోని అయోడినును కడిగివేయగా, ఆ నేలపై పండిన తిండిలోను అది లోపించేది. కంఠమూలంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి అయోడినుతోనే తన రసాన్ని తయారు చేసుకొంటుంది. ఆ సరుకు చాలనప్పుడు గ్రంథి ఉబ్బి పెరుగుతుంది. కొందరిలో ఆ గడ్డ వాయునాళాన్ని నొక్కి, ఊపిరి ఆడనిచ్చేది కాదు. ఇదంతా తరువాత తెలిసిన సంగతి. కోఖర్ కత్తి పట్టిననాటికి ఆ గ్రంథి దేనికున్నదో ఎవరికీ నిశ్చయంగా తెలియదు. ‘హార్మోన్’ అనే మాటయే 1905లో గాని పుట్టలేదు. వేయి సంవత్సరాల క్రితమే కార్డోబా వైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ తన ‘తస్రీఫ్’ గ్రంథంలో కంఠంలోని ఈ వాపును గూర్చి వ్రాసినాడు. అయినను దానిని కోసి తీయబోతే రక్తం వరదలై పారి, చీము పట్టి, రోగి మరణించడం పందొమ్మిదవ శతాబ్దంలోను తరచుగా జరిగేది.

కోఖర్ ఆ భయాన్ని తొలగించినాడు. తొందర లేదు. ఒక్కొక్క రక్తనాళాన్ని వెదకి, కట్టి, ఆ పిమ్మటనే కోసేవాడు. లిస్టర్ చూపిన క్రిమినాశక పద్ధతిని తప్పక పాటించేవాడు. మరణాలు తగ్గినవి. గ్రంథిని పూర్తిగా తీసివేస్తే వ్యాధి మరల రాదు గదా అని, కొందరికి కొంచెమైనా మిగల్చకుండా తీసివేసినాడు.

1874 జనవరిలో అట్లు చికిత్స పొందినవారిలో 11 ఏండ్ల బాలిక ఒకతె ఉన్నది. గాయం చక్కగా మానినది. బాలిక ఇంటికి వెళ్లినది. కొంతకాలానికి ఆ ప్రాంతపు వైద్యుడు, పిల్ల మునుపటివలె లేదనీ, మందకొడిగా మారిపోయినదనీ తెలియజేసినాడు. ఆ మాట అప్పుడు పెద్దగా పట్టించుకోబడలేదు. 1882లో జెనీవా వైద్యుడు రెవెర్డాన్, గ్రంథి పూర్తిగా తీసిన తన రోగులలో కనిపించిన మార్పులను కోఖర్‌కు చెప్పినాడు. అప్పుడాయనకు పాత మాట గుర్తుకు వచ్చినది.

ఇక్కడ ఆయన చేసిన పని గమనింపదగినది. తన పాత రోగులందరికీ, వచ్చి కనిపించవలసినదని కబురు పంపినాడు. గ్రంథి పూర్తిగా తీసినవారిలో 18 మందిని పరీక్షించగా, 16 మందిలో అదే దుస్థితి. ముఖం ఉబ్బినది, చర్మం ఎండినది, మాట నెమ్మదించినది, ఆలోచన మొద్దుబారినది. ఆ బాలికయు వచ్చినది. ఒకప్పుడు అక్కను పోలి ఉండిన చెల్లెలు చక్కగా ఎదిగి పక్కన నిలువగా, అక్క మాత్రం పొట్టిగానే మిగిలిపోయినది. ఇది చూచిన వైద్యుని హృదయం ఎట్లుండెనో మేము ఊహింపలేము. 1883 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో, జర్మన్ శస్త్రవైద్యుల సభలో ఆయన ఈ ఫలితాలను లెక్కలతో సహా నివేదించినాడు. అయితే కారణం మాత్రం సరిగా చెప్పలేకపోయినాడు. వాయునాళం దెబ్బతిని ప్రాణవాయువు చాలకపోవడమని తలచినాడు. ఆ ఏడే లండన్‌లో సెమన్ అనే వైద్యుడు, గ్రంథి లేకపోవడమే కారణమంటే తోటివారు నవ్వినారు. ఐదేండ్ల తరువాత విచారణ సంఘం సెమన్ మాటయే నిజమన్నది.

అమెరికా శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ తరువాత గమనించిన సంగతి ఒకటి చెప్పక తప్పదు. వియన్నాలో బిల్‌రోత్ అనే మహావైద్యుడు వేగంగా కోసేవాడు. ఆయన రోగులకు థైరాయిడ్ ముక్కలు మిగిలిపోయేవి గాని, పక్కనున్న చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని కండరాలు బిగుసుకుపోయేవి. కోఖర్ ఆ చిన్న గ్రంథులను కాపాడి, థైరాయిడును మాత్రం ఆసాంతం తీసివేసేవాడు. ఆయన రోగులకు కీడు చేసినది చేతివాటం లోపం కాదు, ఆ హస్తం మరీ నిర్దుష్టం కావడమే!

ఆ తరువాత కోఖర్ వ్యాధి ప్రమాదమున్నప్పుడు తప్ప గ్రంథిని పూర్తిగా తీయలేదు. 1883లోనే థైరాయిడ్ ముక్కను ఒక రోగికి తిరిగి నాటి చూచినాడు. 1891లో ఇంగ్లండులో మర్రే అనే యువవైద్యుడు గొఱ్ఱె థైరాయిడ్ సారాన్ని సూదిమందుగా ఇచ్చి, ఇటువంటి దుస్థితిలోనున్న ఒక స్త్రీని కోలుకొనజేసినాడు. ఒక చిన్న గ్రంథి రసం రక్తంలో కలిసి శరీరపు వేడిని, ఎదుగుదలను, బుద్ధిని నడుపుతున్నదని లోకానికి నమ్మకం కుదిరినది.

1909లో కోఖర్‌కు నోబెల్ బహుమతి లభించినది. శస్త్రవైద్యులలో దానిని అందుకొన్న మొదటివాడు ఆయనే. అప్పటికి ఆయన చేతిలో ఈ చికిత్స వలని మరణాలు నూటికి ఒకటికన్న తక్కువ. 1913లో లెనిన్ తన భార్య క్రూప్‌స్కయాను వెంటబెట్టుకొని ఆయన వద్దకే చికిత్సకు వచ్చినాడు. 1917 జులై 27న కోఖర్ మరణించినాడు.

ఆయన పోయిన ఐదేండ్లకు, 1922లో, స్విట్జర్లాండులో ఉప్పుకు అయోడిన్ కలపడం మొదలుపెట్టినారు. మన శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956 నుండి హిమాలయ పాదాన గల కాంగ్రాలోయలో అట్టి ఉప్పునే పంచి, గలగండం తగ్గుతుందని నిరూపించినాడు. 1962లో దేశమంతటికీ గలగండ నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైనది. పెద్దవారికి ఆ గ్రంథి నిమిత్తం దినానికి కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు మాత్రమే.