ఆగి ఆగి పరుగెత్తిన వీరుడు – ఎమిల్ జాటోపెక్

ఈమధ్య జిమ్‌లో ఇంటర్వెల్ ట్రైనింగ్ అనే మాట తరచూ వినిపిస్తోంది. కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా పరుగెత్తడమే అది. ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చేది ఎమిల్ జాటోపెక్.

జాటోపెక్ 1922లో చెకోస్లొవేకియాలో పుట్టారు. 16 ఏళ్ళకే జ్లిన్ ఊళ్ళో బాటా చెప్పుల ఫ్యాక్టరీలో పనికి చేరారు. మన ఊళ్ళలో అందరికీ తెలిసిన బాటా పుట్టిల్లు అదే. 1941లో అక్కడివాళ్ళ బలవంతం మీద ఒక పందెంలో పాల్గొని రెండో స్థానంలో వచ్చారు. అలా మొదలైంది ఆయన పరుగు.

తర్వాత సైన్యంలో చేరి, బూట్లతోనే సాధన చేశారు. 400 మీటర్లు వేగంగా, ఆపైన 200 మీటర్లు నెమ్మదిగా. ఇలా 20 సార్లు, 40 సార్లు, ఒక్కోసారి 60 సార్లు! ఈ పద్ధతిని ఆయన కనిపెట్టలేదు కానీ, ఇంత దూరం తీసుకెళ్ళింది మాత్రం ఆయనే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచారు. మారథాన్ పరుగెత్తడం ఆయనకు అదే మొదటిసారి!

ఇందులోని కిటుకు ఏమిటి? వేగంగా పరుగెత్తినప్పుడు గుండె తన గరిష్ఠ స్థాయికి దగ్గరగా పనిచేస్తుంది. అదే వేగంతో ఎక్కువసేపు సాగలేం. మధ్యలో కాస్త విశ్రాంతి దొరికితే మళ్ళీ పరుగెత్తగలం. అలా మొత్తంమీద గుండెకు ఎక్కువ పని పడుతుంది. ఒకే వేగంతో చేసే వ్యాయామం కూడా తక్కువదేం కాదు. అది కండరాల్లో సన్నని రక్తనాళాలను పెంచుతుంది, కొవ్వును ఖర్చు చేయడం నేర్పుతుంది.

1996లో జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా బృందం 6 వారాలు రెండు పద్ధతులనూ పోల్చి చూసింది. ఆక్సిజన్ వాడుకునే శక్తి రెండింటిలోనూ పెరిగింది. ఆక్సిజన్ చాలనప్పుడు పనిచేసే శక్తి మాత్రం ఇంటర్వెల్ బృందంలోనే, 28 శాతం పెరిగింది.

1968లో సోవియట్ దాడిని వ్యతిరేకించినందుకు జాటోపెక్ సైన్యంలో హోదా పోగొట్టుకుని, ఏళ్ళ తరబడి కూలిపని చేశారు. 2000లో కన్నుమూశారు.

రోజంతా కుర్చీలో కూర్చునే మనకు 60 సార్లు అక్కర్లేదు. నేనైతే 1 నిమిషం వేగంగా, 2 నిమిషాలు నెమ్మదిగా, 6 సార్లు నడుస్తాను. మిగతా రోజుల్లో మామూలు నడకే. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగాకే మొదలుపెట్టండి.