ఫ్రిట్జ్ పోలార్డ్: మొదటివాడి తర్వాత 68 ఏళ్ల ఖాళీ

అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో హెడ్ కోచ్ అయిన మొదటి నల్లజాతి మనిషి ఫ్రిట్జ్ పోలార్డ్. అది 1921. రెండో మనిషి ఆర్ట్ షెల్. అది 1989. మధ్యలో 68 ఏళ్లు. పోలార్డ్ మీద వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం మొదటి సంవత్సరం దగ్గర ఆగి చప్పట్లు కొడతాయి. మేం రెండో సంవత్సరాన్ని కూడా పక్కన పెట్టుకుని ఆయన జీవితాన్ని చదవాలనుకుంటున్నాం. ఆయన గొప్పతనానికి రుజువేదని నేటికీ అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న మన చరిత్రలకూ ఎదురవుతూనే ఉంది.

ముందు ఆ ఆట గురించి రెండు మాటలు. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరుగెత్తుతూ ఎదుటి జట్టు గీత దాటించాలి. మైదానంలో జట్టుకు 11 మంది. వాళ్లలో క్వార్టర్‌బ్యాక్ జట్టుకు బుర్ర లాంటివాడు. ఏ ఎత్తు వేయాలో, ఎవరు ఎటు కదలాలో సంకేతం ఇచ్చేది అతనే. పోలార్డ్ ఎక్కువ కాలం హాఫ్‌బ్యాక్‌గా, అంటే బంతి పట్టుకుని దూసుకుపోయే ఆటగాడిగా ఆడారు. 1923లో హామండ్ ప్రోస్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌గానూ ఆడారు. ఈ లీగ్‌లో ఆ స్థానంలో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే అంటారు. కోచ్, క్వార్టర్‌బ్యాక్ రెండూ ఆలోచించి ఆజ్ఞలిచ్చే పనులు. తగవంతా అక్కడే మొదలైంది.

ఆయన 1894 జనవరి 27న షికాగోలోని రోజర్స్ పార్క్‌లో పుట్టారు. పూర్తి పేరు ఫ్రెడరిక్ డగ్లస్ పోలార్డ్. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి బానిసత్వ నిర్మూలన కోసం పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పేరును తల్లిదండ్రులు కొడుక్కి పెట్టుకున్నారు. తండ్రి జాన్ అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేసి, తర్వాత క్షౌరశాల నడిపారు. తల్లి కేథరిన్ కుట్టుపని చేసేవారు. చుట్టుపక్కల జర్మన్ కుటుంబాలు ఎక్కువ. ఫ్రిట్జ్ అనే ముద్దుపేరు వాళ్లు పెట్టిందే, అదే చివరిదాకా నిలిచింది. తెల్లవాళ్ల పేటలో ఒంటరి నల్ల కుటుంబంగా బతకడం ఎలాగో అన్నలు ఆయనకు నేర్పారు. తిట్టినా రెచ్చిపోకూడదు, కొట్టించుకోకుండా తప్పించుకోవాలి, జవాబు ఆటలోనే చెప్పాలి.

1915లో ఆయన రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చేరారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడికి 300 కిలోమీటర్ల లోపు దూరంలో, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో బాబాసాహెబ్ అంబేడ్కర్ చదువుకుంటున్నారు. బ్రౌన్‌లో పోలార్డ్ తోటి విద్యార్థుల బట్టలు ఇస్త్రీ చేసి ఖర్చులు గడుపుకునేవారు. ఎత్తు అయిదున్నర అడుగులు దాటి కాస్త, బరువు 75 కిలోలు. ఆ ఆటకు అది చిన్న శరీరం. 1916 జనవరి 1న కాలిఫోర్నియాలో జరిగిన రోజ్ బౌల్ పోటీలో బ్రౌన్ తరఫున దిగి, ఆ పోటీ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యారు. వాషింగ్టన్ స్టేట్ చేతిలో బ్రౌన్ 14-0 తేడాతో ఓడింది. అదే ఏడాది శరదృతువులో మాత్రం బ్రౌన్ జట్టు యేల్‌ను 21-6తో, మరుసటి వారమే హార్వర్డ్‌ను 21-0తో ఓడించింది. రెండు విజయాల్లోనూ పోలార్డ్‌దే ముఖ్య పాత్ర. దేశంలోని ఉత్తమ కళాశాల ఆటగాళ్లతో వాల్టర్ క్యాంప్ ఏటా ప్రకటించే జాబితాలో ఆ సంవత్సరం ఆయన పేరు చేరింది. పరుగెత్తే స్థానాల్లో ఆ గౌరవం అందుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే.

చదువు పూర్తి కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక శిబిరంలో వ్యాయామ శిక్షకుడిగా పనిచేశారు. తర్వాత నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడ్డ లింకన్ విశ్వవిద్యాలయంలో కోచ్‌గా ఉన్నారు. 1919లో ఒహాయో రాష్ట్రంలోని అక్రాన్ జట్టులో చేరారు. అక్రాన్ అంటే టైర్ల ఊరు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ ఫ్యాక్టరీలు అక్కడివే. దక్షిణాది నుంచి వచ్చిన తెల్ల కార్మికులు వేలల్లో ఉండేవారు. 1920లలో కు క్లక్స్ క్లాన్ బలంగా పాతుకున్న ఊళ్లలో అదొకటి. జట్టు సభ్యులతో కలిసి బట్టలు మార్చుకునే వీలు లేక, జట్టు యజమాని చుట్టల దుకాణంలో మార్చుకుని నేరుగా మైదానానికి వచ్చేవాడినని పోలార్డ్ తర్వాతి కాలంలో చెప్పారు. మైదానంలో ఆయన్ను పడగొట్టాక కూడా కావాలని మీదపడి తొక్కేవాళ్లు. దానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. కింద పడగానే వెల్లకిలా తిరిగి, మేకుల బూట్లున్న కాళ్లు గాల్లోకి లేపేవారు. మీదికి దూకేవాడు ఆ మేకుల మీదే పడాలి.

1920లో కొత్త జాతీయ లీగ్ మొదలైంది. రెండేళ్ల తర్వాత అదే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అని పేరు మార్చుకుంది. ఆ మొదటి ఏడాది లీగ్‌లో ఉన్న నల్లజాతి ఆటగాళ్లు ఇద్దరే. ఒకరు బాబీ మార్షల్, రెండోవారు పోలార్డ్. అక్రాన్ ఒక్క ఆట కూడా ఓడిపోకుండా లీగ్ మొదటి చాంపియన్ అయింది. చివరి పోటీ డిసెంబర్ 12న షికాగోలో, జార్జ్ హలాస్ నడిపే డెకేటర్ స్టేలీస్ జట్టుతో. అది 0-0గా ముగిసింది. మరుసటి ఏడాది ఎల్జీ టోబిన్‌తో కలిసి పోలార్డ్ అక్రాన్ కోచ్ బాధ్యత తీసుకున్నారు. తాను ఆడుతూనే తెల్ల ఆటగాళ్లకు ఎత్తులు చెప్పే నల్ల మనిషి ఆ లీగ్‌లో అంతకుముందు లేరు. 1922లో మిల్వాకీ జట్టులో ఆడినప్పుడు ఆయన పక్కన పాల్ రోబ్‌సన్ ఉన్నారు. తర్వాత గాయకుడిగా, నటుడిగా, జాతి సమానత్వ పోరాటకారుడిగా ప్రపంచానికి తెలిసిన రోబ్‌సన్ ఆయనే. అప్పట్లో న్యాయశాస్త్రం చదువుతూ, ఖర్చుల కోసం ఫుట్‌బాల్ ఆడేవారు.

1926తో పోలార్డ్ లీగ్ జీవితం ముగిసింది. 1920 నుంచి 1933 దాకా ఆ లీగ్‌లో ఆడిన నల్లజాతి ఆటగాళ్లు మొత్తం 13 మంది. 1934 నుంచి 1945 దాకా ఒక్కరు కూడా లేరు. నల్లవాళ్లను తీసుకోకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు, ఏ తీర్మానమూ చేయలేదు. యజమానులు కూడబలుక్కున్నారు, అంతే. వాషింగ్టన్ జట్టు యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ అయితే 1962 దాకా నల్ల ఆటగాడిని తన జట్టులోకి రానివ్వలేదు. ఈ వెలివేతలో హలాస్‌ది పెద్ద చేయి అని పోలార్డ్ జీవితాంతం నమ్మారు. హలాస్ ఒప్పుకోలేదు. రాతలో లేని కట్టడి ఎంత గట్టిదో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతికి కూడా జీవో ఏదీ లేదు.

తలుపు మూసుకున్నాక పోలార్డ్ ఊరుకోలేదు. 1920ల చివర్లో షికాగోలో బ్లాక్ హాక్స్ అనే పూర్తి నల్లజాతి జట్టు కట్టి, తెల్ల జట్లతో పోటీలు పెట్టించారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే మైదానంలో గొడవ లేకుండా ఆడగలరని జనానికి చూపించడం ఆయన ఉద్దేశం. మహామాంద్యం ఆ జట్టును మింగేసింది. 1935 నుంచి 1937 దాకా న్యూయార్క్‌లో బ్రౌన్ బాంబర్స్ అనే మరో నల్లజాతి జట్టుకు కోచ్‌గా ఉన్నారు. నల్లజాతి పాఠకుల కోసం ఒక వార్తాపత్రిక నడిపారు. పెట్టుబడుల సంస్థ, కళాకారుల ఏజెన్సీ, సినిమా నిర్మాణం, పన్నుల సలహా పని, అన్నిట్లోనూ చేయి పెట్టారు. ఆయన కొడుకు ఫ్రిట్జ్ జూనియర్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్య పతకం గెలిచారు. పోలార్డ్ 1986 మే 11న, 92 ఏళ్ల వయసులో చనిపోయారు. తన తర్వాత రెండో నల్లజాతి హెడ్ కోచ్‌ను ఆయన చూడలేదు. షెల్‌కు ఆ పదవి ఇంకో మూడేళ్లకు వచ్చింది.

ఇప్పుడు తగవులోకి వద్దాం. పోలార్డ్ కీర్తి మీద మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఒకటి, ఆయన పూర్తి కోచ్ కాదు, టోబిన్‌తో కలిసి సహ కోచ్ మాత్రమే. రెండు, 1923 నాటి క్వార్టర్‌బ్యాక్ నేటి క్వార్టర్‌బ్యాక్ లాంటివాడు కాదు, కాబట్టి ఆ మొదటి స్థానం లెక్కలోకి రాదు. మూడు, ఆయన గణాంకాలు లేవు, ఉన్నవి కథలే, వాటిలో చాలా భాగం ఆయనే చెప్పుకున్నవి.

మొదటి రెండింటిలో కొంత నిజం ఉంది. ఆ రోజుల్లో ఆట తీరే వేరు. బంతి నేరుగా వెనకనున్న పరుగు ఆటగాడికి వెళ్లేది, క్వార్టర్‌బ్యాక్ తరచూ అతనికి దారి చేసేవాడు. కోచ్ పదవి కూడా నేటి కొలతలకు సరిపోదు, ఆటగాళ్లే జట్లు నడుపుకున్న కాలం అది. అయితే ఇదే సూత్రాన్ని ఆ కాలపు తెల్లవాళ్లకు ఎవరూ వర్తింపజేయరు. హలాస్ కూడా ఆడుతూనే కోచ్‌గా పనిచేసినవాడే. ఆయన కోచ్ అవునా కాదా అని ఎవరూ అడగలేదు. నల్ల మనిషి దగ్గరికి వచ్చేసరికి తూకంరాళ్లు మారిపోతాయి.

మూడో అభ్యంతరం మాకు మరింత ముఖ్యం. లీగ్ మొదటి పన్నెండేళ్లు అధికారిక ఆట గణాంకాలే పెట్టలేదు. అంటే ఆ తరం మొత్తానికి, తెల్లవాళ్లతో సహా, మిగిలింది పత్రికల రాతలూ మనుషుల జ్ఞాపకాలే. తెల్లవాళ్ల విషయంలో ఆ జ్ఞాపకాలు చరిత్ర అయ్యాయి, పోలార్డ్ విషయంలో గొప్పలు అయ్యాయి. ఆయన కొన్ని సంగతులకు రంగులు అద్దారన్నది నిజమే. తొంభై ఏళ్లు బతికి, తనను మరచిపోయిన లోకానికి మళ్లీ మళ్లీ గుర్తు చేయాల్సి వచ్చిన మనిషి అలా చేయడంలో ఆశ్చర్యం లేదు. పరిశోధకులుగా మా పని ఆయన మాటను పత్రికలతో, జట్టు రికార్డులతో పోల్చి చూడటం. మాటను చెరిపేయడం కాదు. వాడ జ్ఞాపకాల మీద పనిచేసిన వాళ్లెవరికైనా ఈ తేడా తెలుసు. రాసే కలం మన చేతిలో లేని కాలానికి రాతపూర్వక రుజువు అడగడమంటే, కలం పట్టుకున్నవాళ్ల తీర్పునే మళ్లీ చదివి వినిపించడం.

ఆ తీర్పు ఎలా ఉంటుందో ఒహాయోలోని కాంటన్‌లో ఉన్న ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ చూపిస్తుంది. 1963లో అది తెరిచినప్పుడు 17 మందిని ఎంపిక చేశారు. వాళ్లలో హలాస్ ఉన్నారు. నల్లవాళ్లను ఏళ్ల తరబడి గుమ్మం బయట నిలబెట్టిన జార్జ్ ప్రెస్టన్ మార్షల్ కూడా ఉన్నారు. నల్లజాతి మనిషి ఒక్కరూ లేరు. పోలార్డ్‌కు అక్కడ చోటు దొరికింది 2005లో, చనిపోయిన 19 ఏళ్లకు. అక్రాన్ నుంచి కాంటన్‌కు 40 కిలోమీటర్లు కూడా ఉండదు.

ఈ కథ మనకు ఎందుకంటే, మన దగ్గర పల్వాంకర్ బాలూ ఉన్నారు. చమార్ కులంలో పుట్టి, పూనాలో క్రికెట్ మైదానం పనులు చేస్తూ బౌలింగ్ నేర్చుకుని, 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీసిన మనిషి. బంతి వేయడానికి ఆయన చేయి కావాల్సి వచ్చింది, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి పాత్రలో ఇచ్చారు. హిందూ జట్టులో అందరికంటే అనుభవజ్ఞుడైనా కెప్టెన్‌ను చేయలేదు. ఆ పదవి 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది. పోలార్డ్ హామండ్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన ఏడాదే అది. ఒంటితో చేసే పనికి రమ్మంటారు, తలతో చేసే పనికి వద్దంటారు. అమెరికాలో జాతి, ఇక్కడ కులం ఒకటి కావు. కానీ పనిని ఇలా రెండుగా కోయడంలో రెండింటి చేతివాటం ఒకటే. పోలార్డ్ తర్వాత దశాబ్దాల పాటు, కళాశాలల్లో క్వార్టర్‌బ్యాక్‌లుగా రాణించిన నల్ల యువకులను ప్రొఫెషనల్ జట్లు తీసుకుని వేరే స్థానాలకు మార్చేవి. బుర్ర ఉపయోగించే పని వాళ్ల వల్ల కాదన్నది పైకి చెప్పని కారణం. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ నడిపిన జట్టు మొదటిసారి సూపర్ బౌల్ గెలిచింది 1988 జనవరిలో. ఆ ఆటగాడు డగ్ విలియమ్స్.

2003 నుంచి ఆ లీగ్‌లో ఒక నియమం ఉంది. మొదట్లో దాని ప్రకారం హెడ్ కోచ్ పదవికి కనీసం ఒక మైనారిటీ అభ్యర్థినైనా ఇంటర్వ్యూ చేయాల్సి ఉండేది. ఆ నియమానికి రూనీ అనే జట్టు యజమాని పేరు పెట్టారు. అదే ఏడాది పుట్టిన, ఆ నియమం అమలవుతోందా లేదా అని కాపలా కాసే సంస్థకు పోలార్డ్ పేరు పెట్టుకున్నారు. ఇంటర్వ్యూకు పిలవడం వేరు, ఉద్యోగం ఇవ్వడం వేరు. అర్హులెవరూ దొరకలేదన్న మాట రాసి రిజర్వుడు పోస్టులను ఖాళీగా వదిలేసే విశ్వవిద్యాలయాలను చూస్తున్న మనకు ఆ తేడా విడమరచి చెప్పాల్సిన పని లేదు.

మనమూ మన మొదటివాళ్లను వెతికి రాస్తున్నాం. మొదటి దళిత వైస్ చాన్సలర్, మొదటి దళిత న్యాయమూర్తి, మొదటి దళిత ఎడిటర్. రాయాల్సిందే. రాసేటప్పుడు పక్కన ఇంకో సంఖ్య కూడా రాయాలని విద్యార్థి మిత్రులకు మా విన్నపం. రెండోవాళ్లు ఎప్పుడు వచ్చారు? మధ్యలో ఎన్నేళ్లు? ఆ ఏళ్లలో ఎవరెవరు దరఖాస్తు పెట్టారు, ఎవరు తిప్పి పంపారు? మొదటివాడి పేరు మాత్రమే చెబితే గుమ్మం తెరిచినవాళ్ల ఉదారత కథ అవుతుంది. మధ్యలోని ఏళ్లు లెక్కపెడితేనే గుమ్మం మూసినవాళ్లు బయటపడతారు. పోలార్డ్ విషయంలో ఆ లెక్క 68.