శిష్యుడి నీడలో గురువు: కింగ్ ఆలివర్

గురువును మించిన శిష్యుడు అనే మాట సన్మాన సభల్లో తరచు వింటుంటాం. ఆ మాట అని శిష్యుడి మెడలో దండ వేస్తాం గాని, గురువు ఏమయ్యాడో అడగం. చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకునేవాళ్ళు లోకంలో ఉన్నారు. కాయ తియ్యగా ఉందని మెచ్చుకుంటూ చెట్టు పేరే మరచిపోయేవాళ్ళు అంతకంటే ఎక్కువ. జాజ్ సంగీతంలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అలాంటి కాయ అయితే, ఆ చెట్టు పేరు జో ఆలివర్. ఆయన కాలంలో జనం ఆయన్ని కింగ్ ఆలివర్ అన్నారు, అంటే రాజుగారని. ఆ రాజుగారు చివరి రోజుల్లో గదులు ఊడ్చి పొట్ట పోసుకున్నారు. ఈ కథ మన విద్యార్థి మిత్రులు తెలుసుకోదగినదని నా నమ్మకం.

ఆలివర్ 1881 ప్రాంతంలో అమెరికా దక్షిణాన లూసియానా రాష్ట్రంలో ఒక నల్లవారి కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే న్యూ ఆర్లియన్స్ నగరం చేరాడు. ఒక కన్ను చిన్నప్పుడే దెబ్బతింది. పగలు ఇళ్ళలో బట్లరు పని, రాత్రి బ్యాండులో కార్నెట్ వాయించడం, ఇదీ ఆయన యౌవనం. కార్నెట్ అంటే ట్రంపెట్‌కు తమ్ముడిలాంటి పొట్టి బూర. ఆ ఊళ్ళో ఊరేగింపుకీ, విందుకీ, చివరికి శవయాత్రకీ కూడా బ్యాండు ఉండాల్సిందే. ఆలివర్ బూర మూతికి గిన్నో, గ్లాసో, సీసానో అడ్డం పెట్టి, మనిషి మాట్లాడినట్టు, పసిపిల్ల ఏడ్చినట్టు పలికించేవాడు. ఆ విద్యలో ఆ రోజుల్లో ఆయనకు సాటి వచ్చేవారు బహు కొద్దిమంది.

ఆ ఊళ్ళోనే ఒక నిరుపేద కుర్రాడు ఆయన వెంట తిరిగేవాడు. ఆలివర్ భార్యకు బజారు పనులు చేసిపెట్టేవాడు. అందుకు ప్రతిఫలంగా ఆలివర్ వాడికి పాఠాలు చెప్పాడు, తన పాత కార్నెట్ ఒకటి ఇచ్చాడు. వాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. తండ్రి దగ్గర లేని ఆ పిల్లవాడు ఆలివర్‌ని పాపా జో అని పిలిచేవాడు. 1918లో ఆలివర్ బతుకుతెరువు కోసం ఉత్తరాన షికాగో వెళ్ళినప్పుడు, కిడ్ ఓరీ బృందంలో ఖాళీ అయిన ఆయన స్థానం ఆ శిష్యుడికే దక్కింది.

షికాగోలో ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండ్ పేరుతో సొంత బృందం కట్టాడు. 1922లో లింకన్ గార్డెన్స్ అనే నృత్యశాలలో వాయిస్తూ, శిష్యుడికి తంతి కొట్టి రప్పించుకున్నాడు. బృందంలో ఒక కార్నెట్ ఉంటే చాలు, రెండోది ఎందుకని ఎవరైనా అడగొచ్చు. పాట మధ్యలో తక్కిన వాద్యాలన్నీ ఒక్క క్షణం ఆగిపోతే, గురుశిష్యులిద్దరూ ముందు కూడబలుక్కున్నట్టు జంటగా ఒక పలుకు పలికి వదిలేవారు. అది ఎలా సాధ్యమో తెలియక షికాగో సంగీతకారులు పని ముగించుకుని వచ్చి మరీ వినేవారు.

1923 ఏప్రిల్ 5, 6 తేదీల్లో ఈ బృందం ఇండియానా రాష్ట్రంలోని రిచ్మండ్ పట్నంలో జెనెట్ కంపెనీకి తొలి రికార్డులు ఇచ్చింది. పియానోలు తయారుచేసే ఫ్యాక్టరీ ఆవరణలో ఆ స్టూడియో ఉండేది. పక్కనే రైలు పట్టాలు. బండి వస్తే రికార్డింగ్ ఆపుకోవాల్సిందే. నల్లవారి మీద ద్వేషమే ధ్యేయంగా ఉన్న కు క్లక్స్ క్లాన్ సంఘానికి ఆ రోజుల్లో ఇండియానా పెద్ద కోట. ఆ సంఘం పాటలకు కూడా అదే ఫ్యాక్టరీ డబ్బు తీసుకుని రికార్డులు పోసి ఇచ్చేది. అలాంటి చోట ఏడుగురు నల్ల కళాకారులు నిలబడి వాయించారు.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పుకోవాలి. అప్పటి స్టూడియోల్లో మైక్రోఫోన్ లేదు, కరెంటుతో పని లేదు. ఒక పెద్ద రేకు గరాటా ముందు నిలబడి వాయిస్తే, గాలి ఒత్తిడికి దాని చివరనున్న పలుచని పొర కదిలి, సూది తిరిగే మైనపు పలక మీద గాడి చెక్కేది. మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. ఆ గరాటా పట్టింది ఇంచుమించు 250 నుంచి 2,500 వరకే. పెద్ద డ్రమ్ము దెబ్బకు సూది ఎగిరిపడుతుందని డ్రమ్ములు వాయించే బేబీ డాడ్స్‌ను చెక్క ముక్కలతో సరిపెట్టుకోమన్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ బూర అందరినీ మింగేస్తోందని అతన్ని దూరంగా వెనక నిలబెట్టారని చెబుతారు.

అతను వెనక నిలబడింది ఆ గదిలోనే కాదు. శిష్యుడు తనను మించిపోయాడని ఆలివర్‌కు తెలుసు. లూయీ తన పక్కన ఉన్నంతకాలం తన రాజరికానికి ముప్పు లేదని ఆయన అన్నట్టు, ఆ బృందంలో పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత కాలంలో చెప్పింది. అంటే ప్రేమా ఉంది, భయమూ ఉంది. జీతాల లెక్కల దగ్గర కూడా ఆలివర్ మీద బృందంలో గొడవలు వచ్చాయి. ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. 1924లో లిల్, ఆర్మ్‌స్ట్రాంగ్ పెళ్ళి చేసుకున్నారు. ఆమె ప్రోత్సాహంతో అదే సంవత్సరం అతను గురువును విడిచి న్యూయార్క్ వెళ్ళాడు. ఆ తర్వాత అతని కథ లోకానికంతా తెలిసిందే.

గురువు కథ మాత్రం దిగజారింది. 1927లో ఆలివర్ కూడా న్యూయార్క్ వెళ్ళాడు. కాటన్ క్లబ్ అనే పెద్ద క్లబ్బు నుంచి పిలుపొస్తే, డబ్బు చాలదని కాదన్నాడు. ఆ చోటు డ్యూక్ ఎలింగ్టన్‌కు దక్కింది. అక్కడి రేడియో ప్రసారాలతో ఎలింగ్టన్ దేశమంతా వినబడ్డాడు. ఇంతలో ఆలివర్‌కు చిగుళ్ళ జబ్బు ముదిరి పళ్ళు పాడయ్యాయి. బూర వాయించేవాడికి పళ్ళు పోవడమంటే రైతుకు ఎద్దులు పోవడమే. ఆర్థిక మాంద్యంలో బ్యాంకు మునిగి దాచుకున్న సొమ్మూ పోయింది. పాడుబడ్డ బస్సులో దక్షిణాది ఊళ్ళు తిరిగాడు. చివరికి జార్జియా రాష్ట్రంలోని సవానాలో ఆగిపోయి, కొంతకాలం పళ్ళూ కూరగాయలూ అమ్మి, తర్వాత ఒక ఆటల హాలులో ఊడ్చే పనికి కుదిరాడు. న్యూయార్క్ టికెట్టు కోసం చిల్లర కూడబెడుతున్నానని అక్కకు ఉత్తరాలు రాశాడు. ఆ టికెట్టు కొననే లేదు. 1938 ఏప్రిల్‌లో అక్కడే కన్నుమూశాడు. అక్క తన ఇంటి అద్దె డబ్బుతో శవాన్ని న్యూయార్క్ తెప్పించి ఖననం చేయించింది. సమాధి మీద రాయికి డబ్బు మిగల్లేదు. అంత్యక్రియలకు ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చాడు.

మరి ఆలివర్ గొప్పవాడని మనకెలా తెలుస్తుంది? ఆ 1923 రికార్డులే సాక్ష్యం. ఆ పళ్ళేలు చేసింది లక్కతో. ఆ రోజుల్లో లోకానికి లక్క ఎక్కువగా వెళ్ళింది మన దేశపు అడవుల నుంచే. మోదుగ, రేగు కొమ్మల మీద పురుగు పెట్టిన జిగురు సముద్రాలు దాటి వెళ్ళి ఒక నల్ల కళాకారుడి ఊపిరిని దాచిపెట్టింది. కాని ఆ పళ్ళేలు అరిగాయి, పగిలాయి. జెనెట్ రికార్డుల్లో ఒకదానికి ప్రపంచంలో తెలిసిన ప్రతి ఒక్కటే ఒకటి. దశాబ్దాలపాటు జనం విన్నది సగం పాట, సగం గరగర.

డగ్ బెన్సన్, డేవిడ్ సాగర్ అనే ఇద్దరు ఆ సంవత్సరపు 37 రికార్డింగులనూ దొరికిన మంచి ప్రతుల నుంచి సేకరించి, శుభ్రం చేసి, 2006లో రెండు సీడీలుగా వెలువరించారు. ఇందులో వేగం సంగతి ముఖ్యం. పళ్ళెం తిరిగే వేగం నూటికి ఆరు పాళ్ళు తేడా వస్తే శ్రుతి దాదాపు అర స్వరం మారిపోతుంది. ఆ పైన గరగర తీయడం. కళ్ళంలో తూర్పారబట్టడం తెలిసినవాళ్ళకు ఈ పని వివరించనక్కర్లేదు. గాలి చాలకపోతే తాలు పోదు. గాలి మరీ ఎక్కువైతే తాలుతోపాటు గింజ కూడా ఎగిరిపోతుంది. గరగర అంతా తీసేస్తే బూర ఊపిరి కూడా పోతుంది. అందుకే కొంత గరగర ఉండనిచ్చి గింజను దక్కించుకోవాలి.

అలా తూర్పారబట్టాక వినిపించేదేమిటి? చైమ్స్ బ్లూస్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితంలో రికార్డయిన మొట్టమొదటి సోలో ఉంది. అందరూ దానికోసమే వింటారు. డిప్పర్‌మౌత్ బ్లూస్‌లో ఆలివర్ మూత అడ్డం పెట్టి వాయించిన సోలో ఉంది. దాన్ని తర్వాతి తరాల బూర కళాకారులు పాఠంలా వల్లెవేశారు. తక్కిన పాటల్లో ఆలివర్ గొంతు పైకి లేచి కనబడదు. పాట పగ్గం పట్టుకుని ముందు నడుస్తుంటాడు. శిష్యుడు ఆ అడుగులో అడుగు వేసి, ఎక్కడా తొక్కకుండా నడుస్తాడు. అవతలివాడిని వింటూ వాయించడం ఆర్మ్‌స్ట్రాంగ్ ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అక్కడ తెలుస్తుంది.

నాలాంటి రైతుబిడ్డలు కాలేజీ గడప తొక్కారంటే వెనక ఊరి బడిలో అక్షరాలు దిద్దించిన మాస్టారు ఒకరు ఉంటారు. ఆయన గొంతు ఏ లక్క పళ్ళెంలోనూ లేదు. ఆలివర్ విషయంలో లోకం 80 ఏళ్ళు పైబడ్డాక సరిగ్గా విన్నది. మన మాస్టార్లను వాళ్ళు ఉండగానే ఒకసారి వెళ్ళి పలకరిద్దాం.