రూసో పశ్చాత్తాపం

శిశువుల పెంపకాన్ని గూర్చి 1762లో 'ఎమిలీ' అనే గ్రంథాన్ని వెలువరించిన రూసో, 1712లో జెనీవా నగరంలో జన్మించాడు. పుట్టిన కొద్ది దినాలకే తల్లి మరణించింది. గడియారాలు చేసే తండ్రి, కుమారునిలో ఆమె పోలికలు చూచుకొని కన్నీరు కార్చేవాడు. ఆమె విడిచిపోయిన నవలలను తండ్రీకొడుకులు తెల్లవార్లూ చదివేవారు. 1722లో ఒక తగాదా కారణంగా ఆ తండ్రి కూడ ఊరు విడిచాడు. పిమ్మట నగిషీ పనివాని వద్ద శిష్యరికంలో చేరిన బాలుడు, అతని దెబ్బలకు జడిసి అబద్ధాలు, చిల్లర దొంగతనాలు నేర్చాడు.

పదహారేళ్ళ వయస్సులో ఇటలీలోని టూరిన్‌లో ఒక ప్రభువంశీయురాలి ఇంట సేవకుడయ్యాడు. 1728లో ఆమె మరణించగా, ఆ హడావుడిలో ఒక పాత రిబ్బను దొంగిలించాడు. దాని వెల ఏపాటిది! పట్టుబడగానే, వంటపని చేసే మేరియన్ అనే యువతి తనకిచ్చిందన్నాడు. నిజానికి దానిని ఆమెకే కానుకగా ఇవ్వాలనుకున్నాడు; మనస్సులోని పేరే నోట వెలువడింది. ఆమె విలపించినా అతడు మాట మార్చలేదు. శిక్షకంటె నలుగురి ఎదుట కలిగే సిగ్గుకే ఎక్కువ భయపడ్డాడు. ఏకాంతంలో మెల్లగా అడిగి ఉంటే కాళ్ళపై పడి ఒప్పుకొనేవాడినని తరువాత భావించాడు. అది కొంతవరకు నిజమే కావచ్చు. కాని మేరియన్‌కు దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఇద్దరినీ పనినుండి తొలగించారు.

ఆమె ఏమైందో రూసోకు తెలియరాలేదు. నిద్రపట్టని రాత్రులలో ఆమె రూపం కళ్ళముందు నిలిచేది. ఆప్తమిత్రులకు సైతం పూర్తిగా చెప్పుకోలేని ఆ తప్పును 'కన్ఫెషన్స్' అనే ఆత్మకథలో వ్రాసుకున్నాడు. దాని తొలిభాగం, అతడు మరణించిన నాలుగేళ్ళకు, 1782లో వెలువడింది.