ఎర్నెస్టు ఏమరి కాడ్మను

రాజ్యములు జయించినవారి చరిత్రములును, క్రొత్త దేశములు కనుగొన్నవారి చరిత్రములును మన విద్యార్థులు పాఠ్యపుస్తకములలో చదువుచునే యున్నారు. తన పనియొక్క ఫలితమును తానే పరీక్షించుకొని, తప్పు జరిగినచోట తప్పని వ్రాసి, ఆ వ్రాతను అచ్చువేసి లోకమున కిచ్చినవాని చరిత్రము అట్టి పుస్తకములలో అరుదు. అందుచేత ఈ సంచికయందు బోస్టను నగరపు శస్త్రవైద్యుడైన కాడ్మనుగారి జీవితమును సంగ్రహముగా వ్రాయ సంకల్పించితిమి. ఎముకలలో పుట్టు కణితులను ఎక్సురే పటములలో గుర్తించు విద్య నేర్చుకొనువారు, మన దేశమున గూడ, ఆయన పేరు వినకుండ ముందునకు పోజాలరు. అయినను ఆ పేరుగల మనుష్యు డెట్టివాడో యెరిగినవారు కొలదిమందియే.

కాడ్మనుగారు 1869వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలోని బోస్టను పట్టణమున జన్మించెను. 1891లో హార్వర్డు కళాశాలనుండి పట్టము పొంది, 1895లో ఆ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలోనే చదువు ముగించెను. తరువాతి కాలమున మెదడు శస్త్రచికిత్సయందు ప్రసిద్ధికెక్కిన హార్వీ కుషింగు ఆయనకు సహపాఠి. ఆ దినములలో శస్త్రచికిత్స జరుగునప్పుడు రోగికి ఈథరు అను మత్తుమందు పీల్పించుపని వైద్యవిద్యార్థులకు అప్పగింపబడుచుండెను. మత్తు మితిమీరినయెడల రోగి బల్లమీదనే ప్రాణము విడుచుటయు గలదు. ఈ మిత్రులిద్దరును ఎవరు మత్తు చక్కగా నిత్తురో చూతమని పందెము వేసికొని, రోగి నాడిని, ఊపిరిని కొలది నిమిషముల కొకసారి కాగితముపై గుర్తింప నారంభించిరి. మసాచుసెట్సు జనరల్ ఆసుపత్రియందు వారు వ్రాసిన యా పట్టికలు నేడు శస్త్రచికిత్సాశాలలలో నుంచు మత్తుపట్టికలకు పూర్వరూపములు. జరిగినదానిని జరిగినప్పుడే వ్రాసియుంచవలెనను బుద్ధి కాడ్మనుగారికి ఆనాడే అలవడెను.

ఆయన వైద్యపట్టము పొందిన సంవత్సరముననే, నవంబరు 8వ తేదీన, జర్మనీదేశమున రాంట్జెను పండితుడు ఎక్సుకిరణములను కనుగొనెను. ఆ క్రొత్త విద్యను బోస్టనులో ముందుగా చేపట్టినవారిలో కాడ్మనుగారు ఒకరు. 1899లో అచ్చటి పిల్లల ఆసుపత్రియందు ఎక్సురే పటములు తీయు వైద్యుడుగా నియమింపబడెను. ఆయన మొదట రోగుల పటములతో తృప్తిపడక, ఆరోగ్యముగల కీళ్ల పటములను వరుసగా తీసి కూర్చెను. వంకరను కనిపెట్టవలెనన్న తిన్ననిది యేదో ముందు తెలిసియుండవలెను గదా. 1902లో ఎక్సుకిరణములచే చర్మము కాలిన సంగతులను, అంతవరకు ప్రకటింపబడినవానిని ప్రోగుచేసి, పరిశీలించి ఒక వ్యాసము వెలువరించెను. లోకమంతయు ఆ కిరణములను కొనియాడుచున్న దినములలో వానివలని హానిని లెక్కించుటకు పూనుకొనుట ఆయన స్వభావమును తెలుపుచున్నది.

వైద్యవృత్తి ప్రారంభించిన పిదప ఆయన మనస్సును ఒక ప్రశ్న పట్టుకొనెను. ఆసుపత్రి విడిచి ఇంటికి పోయిన రోగి గతి యేమాయెను? ఆ కాలపు ఆసుపత్రుల నివేదికలలో ఎందరు రోగులు వచ్చిరో, ఎంత సొమ్ము వ్యయమయ్యెనో లెక్క యుండెను; రోగి బాగుపడెనా లేదా యనుదానికి లెక్క లేకుండెను. కాడ్మనుగారు ఒక్కొక్క రోగికి ఒక్కొక్క కార్డు ఏర్పరచి, రోగి చెప్పిన బాధ, వైద్యుడు నిర్ణయించిన రోగము, చేసిన చికిత్స, ఆసుపత్రి విడుచునాటి స్థితి, ఒక సంవత్సరమునకు పిమ్మటి స్థితి అందు వ్రాయుచుండెను. ఫలితము మంచిది కానియెడల ఏల కాలేదో విచారించి కారణము గూడ వ్రాయవలెను. ఇదియే ఆయన తుదిఫలిత పద్ధతి. వినుటకు మిక్కిలి సామాన్యమైన సంగతి; కాని దీనికొరకే ఆయన తన ఉద్యోగమును, ఆదాయమును, స్నేహితులను పోగొట్టుకొనెను.

ఈ పద్ధతి సాధ్యమని చూపుటకు 1911లో బోస్టనులోని బీకన్ హిల్ భాగమున పండ్రెండు పడకల చిన్న ఆసుపత్రి నొకదానిని సొంతముగా స్థాపించెను. 1916 వరకు అచ్చట చికిత్స పొందిపోయినవారు 337 మంది. వారి చికిత్సలో జరిగిన 123 తప్పులను ఆయన గుర్తించి, తరగతులుగా విభజించెను. చేతినేర్పు లేనందున కలిగినవి కొన్ని, వివేకలోపమున కలిగినవి కొన్ని, రోగమును సరిగా గుర్తింపనందున కలిగినవి కొన్ని, సాధనములు చాలనందున కలిగినవి కొన్ని. తన చేతిలో జరిగిన లోపమువలన రోగి మరణించిన సందర్భమును గూడ ఆయన దాచలేదు. ఈ లెక్కలన్నియు సొంత వ్యయముతో అచ్చువేయించి ప్రకటించెను.

మసాచుసెట్సు జనరల్ ఆసుపత్రియందు శస్త్రవైద్యులకు పదవులు వయఃక్రమమునుబట్టి లభించుచుండెను. నేర్పునుబట్టియు ఫలితములనుబట్టియు పదవి నీయవలెనని కాడ్మనుగారు వాదించి, ఆ వాదము చెల్లకపోగా 1914లో రాజీనామా యిచ్చెను. మరుసటి సంవత్సరము జనవరి 6వ తేదీన జరిగిన వైద్యుల సభలో, అధ్యక్షస్థానమున నున్న ఆయన ఒక పెద్ద వ్యంగ్యచిత్రమును తెరచి చూపెను. ఒక నిప్పుకోడి తల ఇసుకలో దాచుకొని బంగారుగ్రుడ్లను వెనుకకు తన్నుచుండును; ఆ పక్షి పట్టణములోని ధనికుల గుంపు; గ్రుడ్లు ఏరుకొనువారు వైద్యాచార్యులు; నిజము తెలిసినయెడల పక్షి గ్రుడ్లు పెట్టునో పెట్టదోయని ఆసుపత్రి ధర్మకర్తలు చింతించుచుందురు. సభ అల్లకల్లోల మాయెను. ఆయన అధ్యక్షపదవిని విడువవలసివచ్చెను. హార్వర్డులోని బోధకపదవియు పోయెను. రోగులను పంపు మిత్రులు తగ్గిరి. ఆయన త్రొక్కిన త్రోవ సౌమ్యమైనది కాదని మేమును ఒప్పుకొందుము. హాస్యముచే గాయపడినవారు హాస్యములోని సత్యమును వినరు. కాని ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనది కాదని చెప్పగలవా రెవరును లేకుండిరి.

1917 డిసెంబరు 6వ తేదీన కెనడాలోని హాలిఫాక్సు రేవున మందుగుండు సామానుతో నిండిన ఓడ ప్రేలి, సుమారు రెండువేలమంది మరణించిరి. కాడ్మనుగారు అచ్చటికి పోయి గాయపడినవారికి చికిత్స చేసెను. తరువాత యుద్ధకాలమున సైన్యమునందు వైద్యసేవ చేసెను. ఈలోగా, 1913లో ఏర్పడిన అమెరికను శస్త్రవైద్యుల కాలేజీవారు ఆసుపత్రుల యోగ్యతను పరీక్షింప మొదలిడిరి. ఆ యోజనకు ఆదిని తోడ్పడినవారిలో కాడ్మనుగారు ముఖ్యులు. నూరు పడకలును అంతకు మించియు గల 692 ఆసుపత్రులను పరీక్షింపగా 89 మాత్రమే నియమములకు సరిపోయెను. ఆ జాబితా బయటపడిన ఎంత అపకీర్తి కలుగునోయని 1919లో న్యూయార్కు నగరపు హోటలులోని కొలిమియందు దానిని కాల్చివేసిరి.

ఇక ఆయన పేరు నిలిపిన కార్యమును చెప్పుదుము. 1920లో ఎముక సార్కోమా, అనగా ఎముకలో పుట్టు ఒకవిధమైన రాచపుండు, గల రోగి యొకరు ఆయన చికిత్సకు వచ్చిరి. ఈ రోగమునుండి ఎవరైన బ్రదికిరా, బ్రదికినయెడల ఏ చికిత్సచే బ్రదికిరి అని విచారింపగా నిశ్చయమైన ఉత్తరము ఎచ్చటను దొరకలేదు. వైద్యులు ఒకే రోగమునకు వేరువేరు పేర్లును, వేరువేరు రోగములకు ఒకే పేరును పెట్టుచుండిరి. కాడ్మనుగారు దేశమందలి శస్త్రవైద్యులకు లేఖలు వ్రాసి, తామెరిగిన ప్రతి ఎముక సార్కోమా రోగి వృత్తాంతమును, ఎక్సురే పటములను, కణితి తునుకలను పంపుడని కోరెను. న్యూయార్కులోని జేమ్సు ఈవింగు, బాల్టిమోరులోని జోసెఫు బ్లడ్‌గుడ్ అను ప్రఖ్యాతులు ఆయనతో చేరిరి. ఇట్లు పుట్టిన ఎముక సార్కోమా రిజిష్టరు, ఒక రోగమును తుదివరకు వెంబడించి దేశవ్యాప్తముగా వ్రాసియుంచిన అమెరికా రిజిష్టరులలో మొదటిది. రోగము నయమైనదని పంపబడిన వానిలో కొన్ని సార్కోమాలే కావని పరీక్షలో తేలెను.

ఈ విచారణ పాండిత్యమునకై చేసినది కాదు. ఒక బాలుడు మోకాలి నొప్పితో వైద్యునియొద్దకు వచ్చెననుకొందము. తొడయెముక క్రిందిభాగమున ఏదో కణితి కనబడుచున్నది. అది ప్రాణాంతకమైనదియై యుండగా సాధువైన దనుకొనిన బాలుని ప్రాణము పోవును. సాధువైనదియై యుండగా ప్రాణాంతక మనుకొనిన, ఆ కాలపు చికిత్సనుబట్టి బాలుని కాలు ఊరక పోవును. పెద్దకణముల కణితి అనుదానిని సార్కోమాగా ఎంచి కాళ్లుచేతులు ఖండించిన సందర్భములు గలవు. దానిని గోకి తీసివేసిన చాలునని బ్లడ్‌గుడ్ గారు వాదించుచుండిరి. ఒక పటము చదువుటలో నొక బిడ్డ కాలును, ప్రాణమును చిక్కుకొని యుండెను.

పటమును చదువుట యెట్లు? ఎముకలోని సున్నపుధాతువు కిరణముల నడ్డగించును. కావున పటమున ఎముక తెల్లగాను, ఎముక తినివేయబడినచోటు నల్లగాను కనబడును. వైద్యుడు మొదట రోగి వయస్సును అడుగును. ఎముకను పుట్టించు సార్కోమా ఎక్కువగా పది ఇరువది ఏండ్లనడుమ, మోకాలి చెంగట, ఎముక పెరుగు కొనయొద్ద పుట్టును. పిమ్మట కణితి అంచును చూచును. మెల్లగా పెరుగు కణితి చుట్టు ఎముక సన్నని తెల్లని గట్టు కట్టుకొనును. త్వరగా పెరుగుదానికి అట్టి గట్టు కట్టుటకు వ్యవధి చాలదు గనుక దాని సరిహద్దు చిమ్మటలు కొట్టిన గుడ్డవలె అస్పష్టముగా నుండును. కణితిలో మబ్బువంటి తెలుపున్నదా, మృదులాస్థిని తెలుపు చిన్న యుంగరములు, విల్లులవంటి గీతలు ఉన్నవా అనియు చూడవలెను.

అటుపిమ్మట ఎముకమీది పొర. ఈ పొర పైకెత్తబడినప్పుడు దాని క్రింద క్రొత్త యెముక కట్టుట సహజము. కణితి ఎముకను చీల్చుకొని వెలుపలికి వచ్చునప్పుడు పొర గుడారమువలె లేచును. నడుమభాగమున కణితి వేగమువలన క్రొత్త యెముక నిలువజాలదు. గుడారము నేలను తాకు అంచులయందు మాత్రము ముక్కోణపు తునుక యేర్పడును. దీనినే కాడ్మను త్రికోణమందురు. 1914లో రిబ్బర్టు అను జర్మను పండితుడు దీనిని ముందుగా గమనించెనని చెప్పుదురు, వ్యాపింపజేసినవారు కాడ్మనుగారు. అయితే ఈ గుర్తు రాచపుండునకే చెందినది కాదు. ఎముకలో చీము పట్టినను, పొర క్రింద నెత్తురు చేరినను కనబడవచ్చును. త్రికోణమును మాత్రమే చూచి తీర్పు చెప్పువాడు కాడ్మనుగారి శిష్యుడు కానేరడు. 1926లో ఆయన ఎముక సార్కోమాను నిశ్చయించుటకు 25 గుర్తులను ఏర్పరచి, అయిదేండ్లు బ్రదికిన 13 మంది వృత్తాంతములను వానితో సరిపోల్చెను. రోగి చరిత్రమును, పటమును, సూక్ష్మదర్శినిక్రింది తునుకయును ఏకవాక్యముగా పలుకవలెనని ఆ పద్ధతి సారము. నేటికిని ఎముకకణితుల విషయమున శస్త్రవైద్యుడు, పటములు చదువు వైద్యుడు, కణములు పరీక్షించు వైద్యుడు కలిసి ఆలోచించియే నిర్ణయింతురు.

1931లో భుజమునొద్ద ఎముకకొనలో పుట్టు మృదులాస్థి కణితిని గూర్చి ఆయన వ్రాసెను. అది సాధువైనదని జాఫే, లిక్టెన్‌స్టైన్ అను పండితులు 1942లో స్పష్టపరచి, దానికి వేరు పేరు పెట్టిరి. 1934లో భుజమును గూర్చి ఆయన రచించిన పెద్ద గ్రంథము వెలువడెను. అందు భుజపు స్నాయువులతోపాటు తన జీవితవృత్తాంతమును, పోరాటములను గూడ చేర్చెను. చర్మమునందు పుట్టు మెలనోమా అను రాచపుండుచే 1940 నవంబరు 23వ తేదీన ఆయన మరణించెను. కేంబ్రిడ్జిలోని మౌంటు ఆబర్ను శ్మశానమున ఆయన సమాధిపై పేరు చెక్కిన రాయి సయితము లేకుండెను. 2014లో వైద్యసంఘములవారు రాయి నిలిపిరి. ఆసుపత్రుల యోగ్యతను పరీక్షించుటకు 1951లో అమెరికాలో ఏర్పడిన సంయుక్త సంఘము ఆయన పేర 1996లో బహుమాన మొకటి నెలకొల్పెను.

ఆయన దినములలో ఎముక సార్కోమా గలవారిలో బ్రదికినవారు స్వల్పము. 1970 తరువాత మందుల చికిత్స చేరుటచే, రోగము ఇతరస్థానములకు ప్రాకకముందు పట్టుబడినయెడల పదిమందిలో ఆరేడుగురు బ్రదుకుచున్నారు. పెక్కుర కాళ్లు గూడ నిలుచుచున్నవి. ఏ చికిత్స మేలో తెలిసినది, రోగులను ఏండ్లకొలది వెంబడించి ఫలితము వ్రాసియుంచినవారి వలననే. మన విద్యార్థులలో వైద్యులగువారు కొందరుందురు, ఉపాధ్యాయులు, లెక్కలు వ్రాయువారు, చేతిపనివారు అగువారు ఎందరో యుందురు. పని ముగిసినదని లేచిపోవుటకు ముందు, ఆ పనివలన ఇతరునికి మేలు కలిగెనా యని అడిగి, వచ్చిన ఉత్తరమును ఉన్నదున్నట్లు వ్రాసికొనుట అన్ని వృత్తులవారికిని సాధ్యమే. పేరులేని సమాధిలో డెబ్బదేండ్లకు పైగా పడియున్న ఈ వైద్యుడు మనకు విడిచిపోయిన ఆస్తి యిదియే.